మూడేళ్లు వాడాక: మా ఆట కోసం రాసుకున్న క్యారెక్టర్ మేకర్

మేం ఐదుగురం. ఆదివారం మధ్యాహ్నాలు కూకట్‌పల్లిలో మా ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ (ఒక్కొక్కరూ ఒక పాత్రగా, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఆడతాం. డీఎం, అంటే కథ నడిపేది, నేనే. ఆ పాత్రలను, అంటే క్యారెక్టర్లను, తయారు చేసుకోవడానికి ఒక టూల్ నేనే రాశాను. మొదట అది స్ప్రెడ్‌షీట్, తర్వాత బ్రౌజర్‌లో నడిచే పేజీ అయింది. మూడేళ్లుగా ప్రతి ఆటా దానితోనే. 1వ లెవెల్లో మొదలైన కథ 11వ లెవెల్లో ముగిసింది. ఇలాంటిది సొంతంగా రాసుకోవచ్చా, రాసుకుంటే ఎక్కడ దెబ్బ తగులుతుంది అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

రాసుకోవచ్చు. 2023 జనవరిలో, ఈ ఆటని ప్రచురించే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం ఎస్‌ఆర్‌డీ 5.1ని క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 కింద విడుదల చేసింది. వాళ్ల పేరు చెప్పి ఆ పాఠాన్ని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, తెలుగు చేసుకోవచ్చు. ఒకసారి ఇచ్చిన ఆ లైసెన్సును వెనక్కి తీసుకోవడం కుదరదు. కాకపోతే అందులో ఉన్నది తక్కువ. 12 క్లాసులు (యోధుడైన ఫైటర్, దొంగచాటు నేర్పున్న రోగ్ లాంటి పాత్ర రకాలు) ఉన్నా ఒక్కోదానికి ఒకే సబ్‌క్లాసు, అంటే ఉపరకం. బ్యాక్‌గ్రౌండ్, అంటే పాత్ర గతం, ఒక్కటే: అకలైట్. ఫీట్, అంటే ప్రత్యేక నేర్పు, కూడా ఒక్కటే: గ్రాప్లర్. మిగతావి మా పుస్తకాల్లోంచి నేనే టైపు చేసుకున్నాను, అవి మా ఇల్లు దాటవు. అయితే బ్యాక్‌గ్రౌండ్‌ను సొంతంగా కూర్చుకునే నియమం ఆ పత్రంలోనే ఉంది: రెండు స్కిల్స్, పాత్ర వాడే పనిముట్లూ భాషలూ కలిపి రెండు. నా టూల్‌లో మొదట కనిపించేది ఆ దారే. దానితోనే మా ప్లేయర్ ఒకామె తోలుబొమ్మలు ఆడించే కుటుంబంలోంచి వచ్చిన రోగ్‌ని తయారు చేసుకుంది. పర్‌ఫార్మెన్స్ (ప్రదర్శన), స్లైట్ ఆఫ్ హ్యాండ్ (చేతివాటం) స్కిల్స్ తీసుకుంది. మా ఆటలో అందరికీ గుర్తుండిపోయిన పాత్ర అదే.

ఇక అసలు పాఠం. మొదటి స్ప్రెడ్‌షీట్‌లో నేను లెక్కల ఫలితాలనే సేవ్ చేశాను. లెవెల్ పెరిగినప్పుడల్లా కొత్త హిట్ పాయింట్లు (పాత్ర ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె) లెక్కేసి పాత అంకెకి కలిపేసేది. ఏడు లెవెళ్లు బాగానే నడిచింది. 8వ లెవెల్లో మా ఫైటర్ కాన్‌స్టిట్యూషన్‌ (శరీర దృఢత్వం) స్కోరుని 15 నుంచి 16 చేసుకున్నాడు. ఆ స్కోరు నుంచి వచ్చి, ప్రతి లెవెల్ హిట్ పాయింట్లకీ కలిసే మోడిఫైయర్ +2 నుంచి +3 అయింది. నియమం ప్రకారం ఆ పెరుగుదల గడిచిన లెవెళ్లన్నిటికీ వర్తించాలి, అంటే 8 హిట్ పాయింట్లు అదనంగా రావాలి. షీటు ఆ ఒక్క లెవెల్‌కే ఇచ్చింది. రెండు ఆదివారాల తర్వాత ఒక పోరులో అతను 0కి పడిపోయాడు. పోయిన ఆ 7 పాయింట్లు ఉండి ఉంటే నిలబడేవాడు. ఆ రాత్రి లెక్క తిరగేసి చూసి తప్పు నాదేనని తెలిశాక చాలా బాధపడ్డాను.

ఆ తర్వాతే మొత్తం తిరగరాశాను. ఇప్పుడు ఫైల్లో దాచేది ప్లేయర్ చేసిన ఎంపికలు మాత్రమే: ఏ లెవెల్లో ఏ క్లాసు, ఏ స్కిల్, ఏ స్కోరు పెంచారు, హిట్ డై (హిట్ పాయింట్ల కోసం వేసే పాచిక) మీద ఎంత పడింది. మిగతా ప్రతి అంకెనూ తెరిచిన ప్రతిసారీ మొదటినుంచి లెక్కిస్తుంది. ఒక ఎంపిక మారిస్తే దాని మీద ఆధారపడినవన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. 6వ లెవెల్లో తీసుకున్నది నచ్చలేదంటే అక్కడికే వెళ్లి మార్చొచ్చు. ఇలాంటి టూల్ రాసేవాళ్లకి నేను ఒక్క మాటే చెప్పాలంటే ఇదే చెబుతాను.

లెక్కల్లో మరో గుంట. మోడిఫైయర్ అంటే స్కోరులోంచి 10 తీసేసి, సగం చేసి, కింది పూర్ణాంకానికి దించాలి. నేను దశాంశాన్ని కోసేసే ఫంక్షన్ వాడాను. 10కి పైన రెండింటికీ తేడా లేదు. 9కి మాత్రం రావాల్సింది -1, నాకు 0 వచ్చింది. 7కి -2 బదులు -1 వచ్చింది. పాచికలు వేయకుండా తీసుకునే స్టాండర్డ్ అరే 15, 14, 13, 12, 10, 8తో చేసి, ఆ 8ని పెంచని క్యారెక్టర్లలో ఇది బయటపడదు, ఎందుకంటే 8కి రెండు పద్ధతుల్లోనూ -1 వస్తుంది. ఒకతను పాచికలు వేసి 7 తెచ్చుకున్నాకే దొరికింది. అందుకని 3 నుంచి 20 దాకా ప్రతి స్కోరునీ పరీక్షించండి.

ఆర్మర్ క్లాస్‌కి (పాత్రకి దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె) ఒకే సూత్రం రాయబోయి చాలా కాలం తిప్పలు పడ్డాను. కవచం లేని బార్బేరియన్ క్లాసుకి 10కి డెక్స్ (డెక్స్‌టెరిటీ, చురుకుదనం), కాన్ (కాన్‌స్టిట్యూషన్) మోడిఫైయర్లు కలుస్తాయి. మంక్‌కి, డాలు కూడా లేకపోతే, కాన్ బదులు విజ్డమ్. డ్రాగన్ వంశపు సోర్సరర్‌కి 13కి డెక్స్ కలుస్తుంది. ఇవి ఒకదానికొకటి కూడవు, వేర్వేరు దారులు. వర్తించే దారులన్నీ విడివిడిగా లెక్కించి, పెద్దది తీసుకుని, చివర్లో డాలుకి 2 కలిపితే సరిపోయింది. పాలడిన్ క్లాసు స్పెల్ స్లాట్లూ (ఎన్ని మంత్రాలు వేయొచ్చో చెప్పే లెక్క) అంతే. ఒక్క పాలడిన్‌గానే ఉంటే దాని సొంత పట్టిక చూడాలి. మంత్రాలున్న ఇంకో క్లాసు తోడైతేనే పాలడిన్ లెవెల్ సగం చేసి కిందికి దించి కలపాలి. వార్‌లాక్ స్లాట్లు ఎప్పుడూ వేరే.

తెలుగు విషయంలో రెండు అనుభవాలు. మొదట స్కిల్స్ పేర్లన్నీ తెలుగు చేశాను. ఎవరూ పలకలేదు. ఆట మధ్యలో అందరూ "స్టెల్త్ వెయ్యి" (చప్పుడు కాకుండా కదిలే స్కిల్‌కి పాచిక వెయ్యి) అంటారే తప్ప నేను పెట్టిన మాట ఎవరి నోటా రాలేదు. ఇప్పుడు పేర్లు తెలుగు లిపిలో అలాగే ఉంచి, కింద ఒక్క వాక్యంలో తెలుగు వివరణ పెట్టాను. కొత్తవాళ్లకి ఇది బాగా పనికొచ్చింది. రెండోది పీడీఎఫ్. నేను ఎంచుకున్న లైబ్రరీ అక్షరాలను వరసగా పేర్చడం తప్ప ఒత్తులు కలపలేదు. "స్ట్రెంగ్త్" అన్న మాట పొల్లులతో విడివిడి ముక్కలుగా ముద్రణైంది. ఫాంట్లు మార్చి మార్చి రెండు వారాలు పోగొట్టుకున్నాను, కానీ లోపం ఫాంటుది కాదు. చివరికి ఆ లైబ్రరీ తీసేసి, బ్రౌజర్ ప్రింట్‌లోంచే పీడీఎఫ్‌గా దాచుకునేలా చేశాను. ఒత్తులన్నీ కుదురుకున్నాయి.

కాగితం మీద మొదటి క్యారెక్టర్‌కి మాకు రెండున్నర గంటలు పట్టేది, ఇప్పుడు నలభై నిమిషాలు. కానీ వేగంతో ఒక నష్టం వచ్చింది: అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో కొత్త ప్లేయర్లకి తెలియకుండా పోయింది. దానికోసం చేర్చిందే నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఏ అంకె మీద వేలు పెట్టినా దాని ముక్కలు కనిపిస్తాయి. 5వ లెవెల్ రోగ్ స్టెల్త్ +10 ఉంటే, డెక్స్ +4, ప్రొఫిషియెన్సీ (నేర్చుకున్న స్కిల్‌కి కలిసేది) +3, దాన్ని రెట్టింపు చేసే ఎక్స్‌పర్టీస్‌తో ఇంకో +3 అని చూపిస్తుంది. నెల తిరక్కుండానే వాళ్లే నోటితో చెప్పడం మొదలుపెట్టారు. పాచికలు వేసే బటన్ మాత్రం పెట్టి, తీసేశాను. నాలుగు పాచికలు బల్ల మీద దొర్లించి చిన్నది పక్కకి తీసే ఆనందం అందరికీ కావాలి. పడిన అంకెలు టైపు చేసే గళ్లే మిగిలాయి.

2025 ఏప్రిల్‌లో కొత్త నియమాలతో ఎస్‌ఆర్‌డీ 5.2 వచ్చింది. అందులో స్కోరు పెరుగుదలలు పాత్ర జాతి (ఎల్ఫ్, డ్వార్ఫ్ లాంటివి) నుంచి కాక బ్యాక్‌గ్రౌండ్ నుంచి వస్తాయి. నా కోడ్‌లో అవి జాతికే కట్టేసి ఉన్నాయి, విప్పడానికి మూడు వారాంతాలు పట్టింది. ఇప్పుడు ప్రతి పెరుగుదలకీ అది ఎక్కణ్నుంచి వచ్చిందో, ప్రతి క్యారెక్టర్‌కీ ఏ నియమాలతో పుట్టిందో రాసి ఉంటుంది. పాత రోగ్, ఆమె తోలుబొమ్మలు, పాత నియమాలతోనే చెక్కుచెదరకుండా తెరుచుకుంటున్నాయి. మోసే బరువు లెక్క ఇంకా రాయలేదు. దానికి మాత్రం షీటు వెనకాల పెన్సిల్‌తోనే రాసుకుంటున్నాం.