కౌచ్ టు 5కె: రెండేళ్లు వాడాక

కౌచ్ టు 5కె అంటే అలవాటు లేనివాళ్లను మెల్లగా 5 కిలోమీటర్ల పరుగు దాకా తీసుకెళ్లే ప్లాన్, నేను దాన్ని ఫోన్ యాప్‌లో వాడాను. మొదలుపెట్టినప్పుడు నాకు 44 ఏళ్లు. అంతకుముందు ఒక జిమ్‌కు ఏడాది ఫీజు కట్టి 11 రోజులు వెళ్లాను. ‘నా వల్ల కాదు’ అనడానికి నా దగ్గర సాక్ష్యాలు బోలెడు.

ఈ ప్లాన్‌ను 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ తయారుచేశారు. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు. మొదటి వారం ఐదు నిమిషాల నడక తర్వాత 60 సెకన్ల మెల్లటి పరుగు, 90 సెకన్ల నడక, అలా 20 నిమిషాలు. అరవై సెకన్లే! పొయ్యి మీద పాలు పొంగుతుంటే అంతకన్నా గట్టిగానే ఉరుకుతాం కదా అనుకుని హన్మకొండ జేఎన్ స్టేడియానికి వెళ్లాను. మూడో విడతకే నోరెండింది. అయినా ఆ రోజుది పూర్తయింది.

అసలు గండం ఐదో వారం. రెండో రోజు ఎనిమిదేసి నిమిషాలు రెండుసార్లు, మూడో రోజు ఏకంగా 20 నిమిషాలు, మధ్యలో నడక లేదు. ముందురోజు రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తెల్లారి ఐదున్నర రౌండ్లు, తాబేలు నడకకు కొంచెం పైన, ఆగకుండా తిరిగాను. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని.

ఒక పనిని చేయగలమనే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో 1977లో ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు రాశారు. అన్నిటికన్నా బలమైనది మనం స్వయంగా చేసి చూసుకున్నదే. ఆ తర్వాతే మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, ఇతరుల ప్రోత్సాహం. నా విషయంలో ముమ్మాటికీ నిజం. యాప్‌లో ‘మీరు సాధించగలరు’ అనే గొంతును రెండో వారమే మ్యూట్ చేశాను. కండలు తిరిగిన కుర్రాళ్లను చూసినా ఏమీ అనిపించేది కాదు. పంజాబీ డ్రెస్సు మీద కాన్వాస్ బూట్లేసుకుని ఉరికే మా వీధి వదినను చూశాకే ధైర్యం వచ్చింది. ఆయాసాన్ని అర్థం చేసుకోవడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నా: ‘మాట్లాడగలుగుతున్నవ్ కదా, ఏం కాదు, ఉరుకు.’ అంతకుముందు ఆయాసం వస్తే గుండెకేదో అయిందనుకుని ఆగిపోయేదాన్ని. (డాక్టర్‌కు ఒకసారి చూపించుకున్నాకే మొదలుపెట్టాను. నా వయసువాళ్లు ఆ పని చేయండి.)

ఇక లోపం. రెండో ఏడు చికున్‌గున్యా, ఆ వెనకే ఇంట్లో పెళ్లి. రెండున్నర నెలలు బూట్లు ముట్టలేదు. యాప్ తెరిస్తే ఆపిన దగ్గరే, 30 నిమిషాల పరుగు దగ్గరే నిలబడి ఉంది. నాలుగో నిమిషంలో ఆగిపోయాను. ఆ ఒక్క రోజు దెబ్బకు మూడు వారాలు గడప దాటలేదు. 5 కిలోమీటర్లు ఉరికిన మనిషికి మళ్లీ మొదలుపెట్టగలననే నమ్మకం మాత్రం లేదు. ఉరకగలననే నమ్మకం వేరు, ఆగాక మళ్లీ మొదలుపెట్టగలననే నమ్మకం వేరని అప్పుడే తెలిసింది. గ్యాప్ వచ్చినవాళ్లు ఎక్కడి నుంచి ఎత్తుకోవాలో నేను వాడిన యాప్ ఒక్క ముక్క చెప్పదు.

చివరికి సిగ్గు విడిచి మూడో వారం నొక్కాను. ఒకటిన్నర నిమిషం, మూడు నిమిషాలు. సునాయాసంగా అయిపోయింది, మర్నాడు పొద్దున్నే బూట్లు వెతుక్కున్నాను. ఈ దసరాకు పది రోజులు ఆగినప్పుడు కూడా అదే చేశాను. 5కె అంటే ఆ ట్రాక్ మీద పన్నెండున్నర రౌండ్లు, ఇప్పుడు నాకు 43 నిమిషాలు పడుతోంది. వదిన ఇంకా నాకన్నా ఒక రౌండు ముందే ఉంటుంది.