ఏడాది ఫోగార్టీయా, అయిదేళ్ల ఇండియా అలయన్సా? గ్లోబల్ హెల్త్ ఫెలోషిప్‌లలో ఏది మేలు?

మొన్న ఆదివారం మా జూనియర్ ఒకమ్మాయి ఫోన్ చేసింది. కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ చేసి, కోస్తాలో ఒక మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి మూడేళ్లయింది. "అక్కా, రెండు ఫెలోషిప్‌లు చూశాను. ఒకటి అమెరికాది, ఒకటి మనది. రెండింటికీ రాసే ఓపిక లేదు. దేనికి రాయను?" అంది.

"అమెరికాది వస్తే ఆ ఏడాదంతా ఎక్కడుంటావు?" అని అడిగాను.

"అమెరికాలోనే కదా!"

కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. తను చెప్పింది ఫోగార్టీ సెంటర్ వాళ్ల లాంచ్ ఫెలోషిప్ గురించి. ఫోగార్టీ సెంటర్ అంటే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో ఒక విభాగం, 1968లో పెట్టారు. ఈ ఫెలోషిప్‌ను సెంటర్ నేరుగా నడపదు. కొన్ని యూనివర్సిటీలు కలిసి ఒక్కో జట్టుగా ఏర్పడి నడుపుతాయి, ఏ జట్టు దరఖాస్తు దానిదే. యేల్, బర్క్లీ, స్టాన్‌ఫర్డ్, అరిజోనా ఒక జట్టు. వాండర్‌బిల్ట్, ఎమరీ, కార్నెల్, డ్యూక్ ఇంకో జట్టు. పరిశోధన జరిగేది మాత్రం మనలాంటి దేశాల్లోనే, ఆ జట్టుతో పనిచేస్తున్న స్థానిక సంస్థలో. అంటే మన అమ్మాయికి వస్తే, ఓరియెంటేషన్‌కు వాషింగ్టన్ పక్కనున్న బెథెస్డాకు కొద్దిరోజులు వెళ్లొచ్చినా, మిగతా ఏడాదంతా ఇండియాలోనే. ఇది చెప్పగానే అవతల కాసేపు నిశ్శబ్దం. సగం ఆకర్షణ అక్కడే పోయిందని నాకు అర్థమైంది.

రెండోది కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ), బ్రిటన్‌కు చెందిన దాతృత్వ సంస్థ వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008-09లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్. ఆఫీసు మన హైదరాబాద్‌లోనే. క్లినికల్, పబ్లిక్ హెల్త్ వాళ్లకు విడిగా ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ ఉంది, అయిదేళ్లు. మెడికల్ డిగ్రీ వాళ్లకు పీహెచ్‌డీ లేకపోయినా ఫరవాలేదు. వయసు పరిమితి లేదు. ముందు చిన్న దరఖాస్తు, అది నెగ్గితే పూర్తి ప్రతిపాదన, దాన్ని బయటి నిపుణులు చదివాక ఇంటర్వ్యూ. దేశంలో మంచి పోటీ ఉన్న వాటిలో ఇదొకటి.

పైపైన చూస్తే ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, అంతే. కానీ ఒకే ప్రశ్నను రెండింటిలోనూ పెట్టి చూస్తే తేడా బయటపడుతుంది. మా అమ్మాయి మనసులో ఉన్నది ఉద్దానం కిడ్నీ జబ్బు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడి, కొబ్బరి తోటల ఊళ్లు. షుగర్, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్లా, ఎండలో కాయకష్టమా, పురుగుమందులా, ఇంకేదైనానా అన్నది ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో కలిపి 200 పడకల ఆస్పత్రి తెరిచారు. చికిత్స దగ్గరికొచ్చింది కానీ, కారణం ఇంకా దూరంగానే ఉంది.

దీన్ని ఏడాదిలో పెట్టండి. జూలైలో మొదలయ్యారనుకుందాం. ముందు పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని లేదని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి. విదేశీ సంస్థతో కలిసి చేసే పని కాబట్టి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ద్వారా ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి, హెచ్‌ఎంఎస్‌సీ అంటాం. అవన్నీ చేతికొచ్చేసరికి సంక్రాంతి దాటుతుంది. అప్పుడు ఊళ్లకు వెళ్లి రక్తం తీసి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తారు. ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనడానికి వీల్లేదు. కనీసం మూడు నెలలు ఆ తేడా నిలిచి ఉండాలన్నది నిర్వచనంలోనే ఉంది. అంటే అదే మనిషిని వెతుక్కుంటూ మళ్లీ వెళ్లాలి. ఈలోగా జీడిపిక్కల కాలం వచ్చేస్తుంది, పగలు ఇళ్ల దగ్గర ఎవరూ దొరకరు. రెండో శాంపిల్ పూర్తయ్యేసరికి ఫెలోషిప్ అయిపోతుంది. ఇక కిడ్నీ పనితీరు ఎంత వేగంగా పడిపోతోందో చూడాలంటే ఏళ్లు కావాలి. ఆ ప్రశ్న ఏడాదిలో ఇమడదు.

మరి ఏడాది ఫెలోషిప్ దండగా? కానే కాదు. ఇప్పటికే అనుమతులు ఉన్న, జనాన్ని చేర్చుకున్న, శాంపిళ్లు ఫ్రీజర్‌లో ఉన్న పెద్ద స్టడీలో ఒక ముక్క తీసుకుంటే బ్రహ్మాండంగా పనికొస్తుంది. డేటా శుభ్రం చేయడం, విశ్లేషణ, పేపర్ రాయడం, రివ్యూయర్ తిట్లకు మర్యాదగా జవాబివ్వడం, ఇవన్నీ పక్కన ఒకరు కూర్చుని నేర్పితేనే వస్తాయి. ప్రమోషన్ కోసం ఆన్‌లైన్‌లో రీసెర్చ్ కోర్సు పాసైన సర్టిఫికెట్ మా అందరి దగ్గరా ఉంది. దాంతో ఎవరికీ పేపర్ రాయడం రాలేదు, నాతో సహా.

అందుకే నా లెక్క ఇది: సొంత ప్రశ్న, సొంత ఫీల్డ్ ఉన్నవాళ్లకు అయిదేళ్లది మేలు. ప్రశ్న ఇంకా తేలనివాళ్లకు, పేపర్లు లేనివాళ్లకు ఏడాదిది మేలు. ఏ దేశం డబ్బు అన్నది ఆ తర్వాతి సంగతి.

ఇక మెంటర్. ఫోగార్టీలో ఇద్దరుంటారు, అమెరికా యూనివర్సిటీలో ఒకరు, ఇక్కడి సంస్థలో ఒకరు. కాగితం మీద ఇద్దరు గురువులు అంటే బాగానే ఉంటుంది. నాకూ ఒకప్పుడు అలాంటి ఏర్పాటే ఉండేది, వేరే ఫెలోషిప్‌లో. అవతలి ఆయనది చాలా పెద్ద పేరు. ఏడాది మొత్తం మీద నాలుగుసార్లు మాట్లాడారు, అందులో ఒకసారి ఎయిర్‌పోర్టు నుంచి. నా పేపర్‌ను నిజంగా నిలబెట్టింది ఇక్కడే ఉన్న ఒక స్టాటిస్టిక్స్ మేడమ్, ఆవిడ పేరు దరఖాస్తులో ఎక్కడా లేదు. కాబట్టి మెంటర్ గారి పేపర్లు లెక్కపెట్టే ముందు, ఆయన దగ్గర పనిచేసిన ఇద్దరికి ఫోన్ చేయండి. "డ్రాఫ్ట్ పంపితే ఎన్ని రోజులకు తిరిగొచ్చేది?" అని అడిగితే చాలు. మన రాత్రి ఎనిమిదికి చలికాలంలో న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదిన్నర, కాబట్టి వారానికో కాల్ కష్టమేం కాదు. ఏ రోజు, ఏ గంట అన్నది మెంటరింగ్ ప్లాన్‌లో రాసి ఉండాలి. "అవసరమైనప్పుడల్లా మాట్లాడుకుంటాం" అని రాశారంటే మాట్లాడుకోరన్నమాటే.

ఇండియా అలయన్స్‌లో ఈ విషయంలో ఇంకో రకం చిక్కు. ప్రశ్న మీది, డబ్బు మీ పేరు మీద, సూపర్‌వైజర్ వెనక ఉంటారు. సొంతంగా నడవగలిగే వాళ్లకు అది వరం. ఇంకా చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన వాళ్లు అయితే రెండో ఏడాదికి ఒంటరైపోతారు.

ఇప్పుడు అసలు టెన్షన్, అటెండెన్స్. నేషనల్ మెడికల్ కమిషన్ లెక్కల్లో ఫ్యాకల్టీకి 75 శాతం హాజరు ఉండాలి, అదీ ఆధార్‌తో ముడిపడిన హాజరు. ఫెలోషిప్ వాళ్లేమో మీ సమయం మాకు కావాలంటారు. సీట్ల ఇన్‌స్పెక్షన్‌కు మనిషి తక్కువైతే ప్రిన్సిపల్ ఊరుకోరు. "ఫెలోషిప్ చేసుకో అమ్మా, కానీ రోజూ వచ్చి ముఖం చూపించి వెళ్లు" అంటారు. ఏడాదికైతే సెలవో, డిప్యుటేషనో, బతిమాలో ఎలాగోలా నెట్టుకురావచ్చు. అయిదేళ్లకు అలా కుదరదు. చాలామంది ఉద్యోగం వదిలి పరిశోధన సంస్థకు మారాల్సి వస్తుంది. సర్కారు ఉద్యోగం వదలడమంటే ఇంట్లో ఎంత గొడవో చెప్పక్కర్లేదు. ఈ ఒక్క కారణంతో ఏడాదిదే ఎంచుకున్నవాళ్లను నేను తప్పుపట్టను.

ఫోగార్టీదే కె43 అని ఇంకో అవార్డు ఉంది. మనలాంటి దేశాల యువ అధ్యాపకులకు మూడు నుంచి అయిదేళ్లు. సమయంలో 75 శాతం దానికే కేటాయించాలి, ఇక్కడొక మెంటర్, అమెరికాలో ఒక మెంటర్ తప్పనిసరి. డబ్బు నేరుగా మన సంస్థకే వస్తుంది కాబట్టి విదేశీ డబ్బు తీసుకోవడానికి కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి, అమెరికా ప్రభుత్వ పోర్టళ్లలో రిజిస్ట్రేషన్లు అన్నీ సంస్థకు ఉండాలి. గ్రాంట్ల ఆఫీసు లేని కాలేజీ నుంచి దీనికి రాయాలనుకుంటే గడువు రోజు పోర్టల్ దగ్గరే ఆగిపోతారు.

నమ్మకం మాట కూడా చూడాలి. 2025 మే 1న ఎన్‌ఐహెచ్ విదేశీ సంస్థలకు ఉప గ్రాంట్లు (అసలు గ్రాంటు పొందిన సంస్థ ద్వారా వెళ్లే డబ్బు) ఇచ్చే పద్ధతిని మారుస్తున్నామని, కొత్తది సిద్ధమయ్యేదాకా అలాంటి గ్రాంట్లు ఇవ్వబోమని ప్రకటించింది. 2026 బడ్జెట్‌కు అమెరికా అధ్యక్షుడి ప్రతిపాదన అయితే ఫోగార్టీ సెంటర్‌నే ఎత్తేయమంది. ప్రతిపాదన చట్టం కాదు, కానీ రాసేముందు ఆ ఏడాది నోటీసు ఉందో లేదో, ఇండియాలో ఏ సంస్థ జాబితాలో ఉందో జట్టు కోఆర్డినేటర్‌కు మెయిల్ పెట్టి కనుక్కోండి. ఇటువైపు 2025 అక్టోబరు 1న కేంద్ర కేబినెట్ ఇండియా అలయన్స్ నడిపే కార్యక్రమం మూడో దశకు 1,500 కోట్లు ఆమోదించింది. అందులో 1,000 కోట్లు డీబీటీవి, 500 కోట్లు వెల్‌కమ్‌వి. ప్రస్తుతానికి కాళ్ల కింద నేల గట్టిగా ఉన్నది ఇటువైపే.

అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్లకు ఒక మాట. ఎఫ్-1 వీసా మీద పీహెచ్‌డీ చేస్తూ లాంచ్‌లో అమెరికా విద్యార్థుల కోటాకు రాద్దామనుకుంటే కుదరదు. దానికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. అక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు మాత్రం మంచి అవకాశం. తెలుగు వచ్చిన పిల్లలైతే ఫీల్డ్‌లో దుభాషి ఖర్చు కూడా మిగులుతుంది.

మా అమ్మాయికి ఉద్దానంలో అమ్మమ్మగారి ఊరు ఉంది, ప్రశ్న ఉంది, తెలిసిన ఏఎన్ఎంలూ ఆశా కార్యకర్తలూ ఉన్నారు. లేనివల్లా పేపర్లు. ఒకే ఒక్కటి ఉంది, అదీ పీజీ థీసిస్‌ది. ఏ స్టడీలోనైనా చేరి ఈ ఏడాది రెండు పేపర్లు తెచ్చుకోమన్నాను, ఫోగార్టీ ద్వారా అయినా, అదేమీ లేకుండా అయినా. ఆ తర్వాత ఇండియా అలయన్స్‌కు ఉద్దానం ప్రశ్నతో వెళ్లమన్నాను. "మరి అటెండెన్స్ అక్కా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. సోమవారం ప్రిన్సిపల్‌ గారిని కలుస్తానంది. ఖాళీ చేతులతో వెళ్లకు, ఎన్ని రోజులు ఎప్పుడెప్పుడు కావాలో క్యాలెండర్ గీసి తీసుకెళ్లు అని చెప్పాను. జీడిపిక్కల కాలం ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టిందట.