ఏఐ పనిముట్లతో ఒక్కడినే సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతున్నాను: ఇన్నాళ్ల వాడకంలో తేలినవి

పల్లెల్లో పాల సేకరణ కేంద్రాల లెక్కలకు ఒక యాప్, టెంట్ హౌస్‌ల అద్దె సామాను లెక్కలకు ఇంకొకటి. ఈ రెండూ నేనొక్కడినే తయారుచేసి అమ్ముతున్నాను. కోడ్‌లో ఎక్కువ భాగం ఏఐ రాసిందే. కోడ్ రాయడంలో సాయపడే గిట్‌హబ్ కోపైలట్ అనే ఏఐని 2022లో అందరికీ అందుబాటులోకి వచ్చినప్పటి నుంచి వాడుతున్నాను. తర్వాత కర్సర్ వచ్చింది, 2025లో క్లాడ్ కోడ్ తోడైంది. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెబుతున్నాను, కొనండి. నెలకు పది, ఇరవై డాలర్లకు దక్కే పని చాలా ఎక్కువ. అయితే కోడ్ రాసే సమయం తగ్గినంతగా, జనం డబ్బిచ్చి వాడుకునే వస్తువు తయారయ్యే సమయం తగ్గదు. ఆ మిగతా సమయమంతా ఎక్కడికి పోతుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మూడింటిదీ తలో తీరు. కోపైలట్ మొదట్లో మనం మొదలుపెట్టిన లైన్‌ను పూర్తి చేసేది. కర్సర్ కోడ్ రాసుకునే పూర్తి ఎడిటర్, నాలుగైదు ఫైళ్లు ఒకేసారి మార్చి ఏం మార్చిందో చూపిస్తుంది. క్లాడ్ కోడ్ టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే తెరలో నడుస్తుంది. ఫైళ్లు తనే చదువుకుని, మార్చి, టెస్టులు నడిపి, ఫెయిలైతే మళ్లీ సరిచేస్తుంది. ఇలా తనంతట తానే పని చేసుకుపోయే ఏఐని ఏజెంట్ అంటారు. రైతుకిచ్చిన దాణా బాకీని పాల బిల్లులో విడతలుగా పట్టుకునే ఏర్పాటు కావాలని ఒక పేరా రాసిస్తే, డేటాబేస్ టేబుల్, స్క్రీన్, బిల్లు ప్రింటు ఒక్క పూటలో సిద్ధమయ్యాయి. ఇదివరకైతే అది వారం పని.

ఇక అసలు పాల లెక్క. ధర లీటర్ల మీద మాత్రమే ఉండదు. వెన్న శాతం, వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతం (ఎస్ఎన్ఎఫ్ అంటారు) రెండూ చూస్తారు. ఎస్ఎన్ఎఫ్ కొలిచే మిషన్ లేని చోట, పాల సాంద్రత కొలిచే లాక్టోమీటర్ రీడింగ్ నుంచి దాన్ని లెక్కగడతారు. ఏఐ అడగ్గానే సూత్రం రాసిచ్చింది: రీడింగ్‌లో నాలుగో వంతుకు వెన్న శాతంలో పావు కలిపి, ఆపైన 0.44 కలపాలి. ఇది పుస్తకాల్లో ఉన్నదే, తప్పు కాదు. కానీ నేను వెళ్లిన కేంద్రంలో గోడకు అంటించిన చార్టు వేరే లెక్క మీద ఉంది. అక్కడ వెన్న శాతాన్ని 0.2తో గుణించి, చివర 0.36 కలుపుతారు. రీడింగ్ 28, వెన్న 6 ఉన్న గేదె పాలకు మొదటి లెక్కలో 8.94 వస్తుంది, రెండోదాంట్లో 8.56. రెండు పూటలా పాలు పోసే రైతుకు ఈ తేడా అంటే డబ్బే. అందుకే ఆ అంకెలను కోడ్‌లో పెట్టకుండా కేంద్రం సెక్రటరీ మార్చుకునేలా సెట్టింగ్స్‌లో పెట్టించాను. చెప్పాక ఏఐ ఆ పని చిటికెలో చేసింది. కానీ ‘మీ పాల డెయిరీ ఏ లెక్క వాడుతుంది?’ అని అంతకుముందు ఒక్కసారైనా అడగలేదు. ఈ పనిముట్ల అసలు లోపం నా దృష్టిలో ఇదే. తెలియనిచోట ఆగవు, లోకంలో ఎక్కువ కనిపించే జవాబుతో ఆ ఖాళీ నింపేస్తాయి.

అదే కేంద్రంలో ట్రయల్‌కు పెట్టినప్పుడు సెక్రటరీగారు పట్టుకున్నది ఇంకొకటి ఉంది. ‘తమ్ముడూ, ముందొచ్చిన నలుగురి పాలు నిన్నటి తేదీలో పడ్డాయి చూడు’ అన్నారు. సర్వర్ గడియారం యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మన టైముకు అయిదున్నర గంటలు వెనక. ఏజెంట్ రాసిన కోడ్ తేదీని అక్కడి నుంచే తీసుకుంది. అంటే తెల్లవారుజామున 5:30 లోపు పోసిన పాలన్నీ ముందురోజు ఖాతాకు పోతాయి. పగలు పదింటికి కూర్చుని ఎన్ని టెస్టులు నడిపినా ఈ తప్పు కనిపించదు. పాలు అయిదింటికే వస్తాయని తెలిసినవాడే దీన్ని వెతకగలడు. కోడ్ రాయడంలో మిగిలిన గంటలను నేను ఇప్పుడు కేంద్రంలో కూర్చోవడానికే వాడుతున్నాను.

తెలుగు ప్రింటు మరో తలనొప్పి. స్క్రీన్ మీద ‘లక్ష్మి’ చక్కగా కనిపిస్తుంది. అదే పీడీఎఫ్‌లోకి వెళ్లేసరికి వత్తులు విడిపోయి, పొల్లులు బయటపడి, పేరు గుర్తుపట్టలేకుండా తయారవుతుంది. చాలా పీడీఎఫ్ లైబ్రరీలు అక్షరాలను వరసగా పేర్చడమే తప్ప, వత్తులను కూర్చే షేపింగ్ అనే పని చేయవు. ఏజెంట్ మాత్రం ఫాంట్ మార్చి చూడమనే అంది, ఇంకో ఫాంట్, ఆ తర్వాత మరొకటి. షేపింగ్ సంగతి నేనే చెప్పి, బిల్లును బ్రౌజర్ పేజీగా గీయించి అక్కడి నుంచి పీడీఎఫ్ తీయమన్నాక పని జరిగింది. చిన్న థర్మల్ ప్రింటర్‌కైతే బిల్లు మొత్తం బొమ్మగానే పంపాలి. యాప్‌లోనే ఏఐ చేత తెలుగు రాయించాలనుకునేవాళ్లు ఖర్చు కూడా చూసుకోవాలి. ఏఐ మాటలను టోకెన్లు అనే ముక్కలుగా విడగొట్టి లెక్కిస్తుంది, డబ్బు వాటి మీదే. మన లిపికి టోకెన్లు ఎక్కువ పడతాయి. 2024లో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ చూపిన నమూనా వాక్యంలో తెలుగు టోకెన్లు 159 నుంచి 45కు తగ్గాయి. అంతకుముందు ఎంత భారం మోశామో దీన్నిబట్టే తెలుస్తుంది.

వేగం గురించి ఒక మాట. 2025లో ఎంఈటీఆర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ డెవలపర్లతో పరీక్ష చేసింది. ఏఐ వాడినప్పుడు వాళ్లకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది, వాళ్లు మాత్రం 20 శాతం తొందరగా చేశామనుకున్నారు. కొత్త స్క్రీన్లు కట్టేటప్పుడు నాకు ఏఐతో లాభమే. లోతుగా తెలిసిన పాత కోడ్‌లో చిన్న మార్పుకు మాత్రం నేనే చేయి పెట్టడం మేలని నా అనుభవం కూడా. లైవ్ డేటాబేస్ పాస్‌వర్డ్ ఏజెంట్‌కు ఎప్పుడూ ఇవ్వను. 2025 జూలైలో రెప్లిట్ అనే కోడింగ్ వేదికలోని ఏజెంట్, ఏమీ మార్చొద్దని చెప్పినా ఒకరి లైవ్ డేటాబేస్‌ను తుడిచేసిన సంగతి అందరూ చదివే ఉంటారు. కేంద్రాల పాత చేతిరాత బిల్లులను టెస్టులుగా పెట్టుకున్నాను. ఏ మార్పు చేసినా ఆ మొత్తాలు పైసాతో సహా కలవాలి.

విడుదల దగ్గర ఏఐ సాయం దరఖాస్తులు రాసిపెట్టే వరకే. ప్లే స్టోర్‌లో 25 డాలర్లు ఒకసారి కడితే సరిపోతుంది. కానీ 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ముందు 12 మందితో వరసగా 14 రోజులు టెస్టింగ్ జరగాలి. రైతులకు ఎస్ఎంఎస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో మన సంస్థను, పంపేవారి పేరును, ప్రతి మెసేజ్ నమూనాను నమోదు చేయించాలి. పైగా ఇంగ్లీషులో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే, అందులోనూ గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కకొస్తాయి. రైతు పేరు, లీటర్లు, వెన్న, మొత్తం అన్నీ ఒక్క మెసేజ్‌లో ఇమడ్చడానికి నేను ఏ ఫీచర్ మీదా పడనంత కష్టపడ్డాను. అయినా రైతులు ఎక్కువగా మెచ్చుకునేది ఆ మెసేజ్‌నే.

ఒక్కటే కొనాలంటే, ప్రోగ్రామింగ్ బాగా వచ్చినవాళ్లు క్లాడ్ కోడ్ తీసుకోండి. చేసిన ప్రతి మార్పునూ కళ్లతో చూసుకుంటూ నేర్చుకోవాలనుకునేవాళ్లకు కర్సర్ నయం. ఏదైనా నెలవారీగానే కట్టండి. ధరలు, పరిమితులు మధ్యలోనే మారిపోతున్నాయి, ఏడాదికి కట్టేస్తే ఇరుక్కుంటారు. మిర్చి కమీషన్ దుకాణాల్లో, రొయ్యల చెరువుల మేత లెక్కల్లో ఇప్పటికీ ఎన్నో ఖాతాలు కాగితం మీదే నడుస్తున్నాయి. ఇంట్లో ఎవరిదైనా అలాంటి వ్యాపారం ఉంటే, ఆ పుస్తకం ముందు పెట్టుకుని మొదటి స్క్రీన్ ఈ వారమే మొదలుపెట్టండి.