కొండ కోసం కొన్న పాత కార్డు

"ఏం సామీ, గేములకా?" అన్నాడు బస్టాండు దగ్గర కొట్లో పిల్లోడు. "కాదబ్బా, కొండ చూడాల" అన్నా. కంప్యూటర్లో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు, వాడిన ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ మెమరీది, 18,000 రూపాయలకు ఇచ్చాడు. బిల్లు అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఈ రివ్యూలో దానికే ఒక స్టార్ కోత.

శేషాచలాన్ని రే ట్రేసింగ్‌లో, అంటే కంటి నుంచి కిరణాలు పంపి అవి దేనికి తగిలాయో లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతిలో, చూడాలని నా పిచ్చి. 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచిన ఎత్తులు ఉచితంగానే దొరుకుతాయి, దాదాపు 30 మీటర్లకొకటి. తిరుపతి పడే టైల్లో (అంటే మ్యాపులో ఒక చదరపు ముక్కలో) 3601 వరసలు, వరసకు 3601 ఎత్తులు. త్రిభుజాలుగా మారిస్తే 2.6 కోట్లు. కిరణం దేనికి తగిలిందో వెతికే సర్క్యూట్లు ఈ కార్డులో విడిగా ఉన్నాయి కాబట్టి మౌస్ కదిపితే చాలు, కొండ తిరిగింది. నోరెళ్లబెట్టా. తీరా చూస్తే ఆ వెతుకులాట కోసం కట్టే బీవీహెచ్ (త్రిభుజాల్ని పెట్టెల్లో పెట్టెలుగా సర్దే పట్టిక) ఒక్క టైలుకే 2 జీబీ పైన మింగింది. నాకు కావాల్సింది పులికాట్ నుంచి హార్స్‌లీ హిల్స్ దాకా, మూడు టైళ్లు. కట్టే దశలోనే మెమరీ చాలక ఆగిపోయింది.

అందుకని త్రిభుజాలు మానేశా. పక్కపక్కనున్న నాలుగు గళ్లలో అన్నిటికన్నా పెద్ద ఎత్తు ఒకచోట రాసుకుంటాం, అలాంటి నాలుగింటికి మళ్లీ ఒకటి, అలా పైదాకా. కిరణం ఆ ఎత్తుకు పైనుంచి పోతుంటే లోపలికి తొంగి చూసే పనే లేదు. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ లేని స్టాపులో బస్సు ఆగదు కదా, అంతే. ఎత్తుకు 2 బైట్లు, టైలు మొత్తం 35 ఎంబీ లోపే. ఆ ప్రత్యేక సర్క్యూట్లు దీనికి పనికిరావు, వేగం కాస్త తగ్గింది. సాయంత్రం ఎండ పెడితే ఇంకా నెమ్మది: నీడ కోసం పంపే కిరణాలు కొండల్ని రాసుకుంటూ పోతాయి, దాటేయడానికి ఖాళీ గళ్లు దొరకవు. అప్పుడు ఫ్యాను మిక్సీలా అరుస్తుంది.

అమ్మకు చూపిస్తే "శిలాతోరణం ఏదిరా?" అంది. అది 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. 30 మీటర్ల కొలతకు దొరకదు. దొరికినా, చోటుకు ఒకే ఎత్తు రాసే లెక్కలో తోరణం కింద ఖాళీ ఎక్కడ పెట్టేది? కార్డు తప్పు కాదమ్మా అన్నా. "మరి అంత డబ్బు దేనికిరా?" అంది.

ఫ్యాను మార్పించడానికి రేపు మళ్లీ ఆ కొట్టుకే పోవాల.