ఎక్స్‌అర్రే, కార్టోపై: తిత్లీ వానను మ్యాప్ మీద పెట్టి చూస్తే

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పటి వాన మా శ్రీకాకుళం జిల్లాలో ఎలా పరుచుకుందో చూద్దామని వాతావరణ శాఖ 0.25 డిగ్రీల గ్రిడ్ డేటా (నేలను గడులుగా విడగొట్టి ఒక్కో గడికి ఇచ్చే వాన లెక్క) దింపాను.

ఇలాంటి డేటాను చదివే పైథాన్ లైబ్రరీ ఎక్స్‌అర్రే హాయిగా ఉంది. వరుస నంబర్ల గోల లేదు; అక్షాంశం, రేఖాంశం, తేదీ చెబితే ఆ ముక్కే కోసిస్తుంది. అయితే ఏ తేదీ వాన లెక్కైనా ఆ ఉదయం 8:30కి ముగుస్తుంది కాబట్టి 11 పగటి వాన కోసం 12వ తేదీ చూడాలి.

మ్యాప్‌లు గీసే పైథాన్ లైబ్రరీ కార్టోపై కొంచెం పేచీకోరు. తీరరేఖను మొదటిసారి నెట్ నుంచి దింపుకుంటుంది, మా వీధి నెట్‌తో అదో టెన్షన్! రంగులు నింపే పద్ధతుల్లో కాంటూర్ఎఫ్ నునుపైన రంగులతో లేని వివరం ఉన్నట్టు మభ్యపెడుతుంది. పీకలర్‌మెష్ వాడండి, గడులు గడుల్లాగే కనిపిస్తాయి. ఒక్కో గడి సుమారు 27 కిలోమీటర్లు. టెక్కలికీ నందిగాంకీ తేడా అందులో వెతక్కండి.