ఇద్దరు కలిసి చేసిన కవర్ ఆల్బమ్: పాటని మార్చేస్తే మేలా, అలాగే ఉంచితే మేలా?

ఇండీ రాక్‌లో (పెద్ద కంపెనీలకి బయట నడిచే రాక్) ఇద్దరు కలిసి వేరేవాళ్ల పాటలతో ఆల్బమ్ చేశారంటే రివ్యూల్లో వచ్చే ఫిర్యాదు దాదాపు రెండే రకాలు. మంచి పాటని పాడుచేశారు అని ఒకటి, వినడానికి హాయిగానే ఉంది గానీ కొత్తగా చేసిందేంటి అని ఇంకోటి. ఈ రెండిటికీ చెరో ఉదాహరణ చెప్పమంటే నాకు వెంటనే గుర్తొచ్చేవి 2006లో టార్టాయిస్ బ్యాండూ బోనీ 'ప్రిన్స్' బిల్లీ కలిసి చేసిన 'ద బ్రేవ్ అండ్ ద బోల్డ్', 2015లో ఐరన్ అండ్ వైన్‌తో బెన్ బ్రిడ్‌వెల్ చేసిన 'సింగ్ ఇంటు మై మౌత్'. రెండూ చాలాసార్లు విన్నా, వాటి మీద వచ్చిన మాటలు కూడా చాలానే చదివా, చదివిన కొద్దీ మొదటిదానికి అన్యాయం జరిగిందనే అనిపిస్తుంది.

ముందు వీళ్లెవరో చెప్తా. టార్టాయిస్ షికాగో బ్యాండ్, పోస్ట్ రాక్ (రాక్ వాయిద్యాలతోనే మామూలు రాక్ పాటలా లేని సంగీతం) అనే మాట వినపడగానే తలుచుకునే పేర్లలో ఒకటి, పాడేవాళ్లే లేని బ్యాండ్ అన్నమాట, రెండు డ్రమ్ సెట్లు, వైబ్రఫోన్, బేస్ ఇవే వాళ్ల మాటలు. బోనీ 'ప్రిన్స్' బిల్లీ అంటే విల్ ఓల్డామ్, కెంటకీలోని లూయివిల్ మనిషి, గొంతు కాస్త వణుకుతూ, ఎప్పుడు విరిగిపోతుందో అన్నట్టు ఉంటుంది. సొంతంగా ఒక్క మాట పాడని బ్యాండూ, మాటలే ప్రాణమైన గాయకుడూ ఒకచోట చేరారంటే రివ్యూ రాసేవాళ్లు ఎంత ఆశపెట్టుకుని ఉంటారో చూడండి. పైగా దాన్ని రిలీజ్ చేసిన ఓవర్‌కోట్ అనే లేబులే అంతకు కొద్ది నెలల ముందు, 2005లో, ఐరన్ అండ్ వైన్, కలెక్సికో కలిసి చేసిన 'ఇన్ ద రెయిన్స్' తెచ్చింది, దానికి మంచి పేరొచ్చింది. అది ఐరన్ అండ్ వైన్ అనే పేరుతో పాడే శామ్ బీమ్ సొంత పాటలతో చేసింది, కవర్లు కావు, అయినా అదే ఊపులో ఇదీ అలాగే ఉంటుందనుకున్నవాళ్లు చాలామంది.

వచ్చిందేమో పూర్తిగా వేరే సరుకు. పది పాటలు, పదీ పది దిక్కులు. మొదటిదే బ్రెజిల్ గాయకుడు మిల్టన్ నాసిమెంటో పోర్చుగీస్ పాట 'క్రావో ఎ కనేలా', దాన్ని ఓల్డామ్ పోర్చుగీస్‌లోనే పాడాడు. రెండోది అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'థండర్ రోడ్', తర్వాత మినిట్‌మెన్ పంక్ పాట. ఇంకా ఎల్టన్ జాన్ 'డేనియల్', కంట్రీ గాయకుడు డాన్ విలియమ్స్ పాట ఒకటి, డీవో, మెలనీ, రిచర్డ్ థాంప్సన్, లంగ్‌ఫిష్, చివర్న క్విక్సాటిక్. ఈ లిస్ట్ చూసి ఇది ఒక ఆల్బమా, ఎవరిదో పాత క్యాసెట్ డబ్బానా అని అనిపిస్తే తప్పు లేదు, రివ్యూల్లో కూడా ఒక్క తాటి మీద లేదు అనే మాట గట్టిగానే వచ్చింది.

కానీ అసలు గొడవంతా 'థండర్ రోడ్' దగ్గరే. 1975లో స్ప్రింగ్‌స్టీన్ ఆ పాట పాడినప్పుడు వయసు 25, మౌత్ ఆర్గన్‌తో పియానోతో మెల్లగా మొదలై, కారెక్కి ఈ ఊరొదిలి పోదాం రా అని పిల్లని పిలుస్తూ పిలుస్తూ చివరికి శాక్సఫోన్‌తో ఆకాశానికి లేస్తుంది. టార్టాయిస్ ఏం చేశారంటే ఆ లేవడం మొత్తం తీసేశారు. టెంపో బరువుగా, సింథ్ మబ్బు పట్టినట్టు, ఓల్డామ్ గొంతులో వెళ్దాం అన్న మాట ఉంది గానీ వెళ్తామన్న నమ్మకం లేదు. స్ప్రింగ్‌స్టీన్ అభిమానులకి గుండె కాలింది, ఆనందాన్ని చంపేశారన్నారు, రాసినవాళ్లలో ఇంకొందరేమో ఆల్బమ్‌కి ప్రాణం ఇదేనన్నారు. నేను రెండో జట్టు. ఊరొదిలి పోదామని పిలిచినవాళ్లందరూ పోలేదు కదా, పోలేకపోయినవాడు నలభై ఏళ్లొచ్చాక అదే పిలుపు మళ్లీ గుర్తు చేసుకుంటే ఎలా ఉంటుందో ఈ వెర్షన్‌లో వినిపిస్తుంది.

'డేనియల్' కూడా అంతే. 1973లో ఎల్టన్ జాన్ పాడిన ఆ పాట రేడియోలో తియ్యగా జారిపోతుంది, కానీ బెర్నీ టాపిన్ రాసిందేమో వియత్నాం యుద్ధంలో గాయపడి తిరిగొచ్చిన సైనికుడి గురించి. ఆ సంగతి బయటపెట్టే చివరి చరణాన్ని రికార్డింగ్ అప్పుడు తీసేశారు, అందుకే చాలామందికి అది ఉత్త అన్నదమ్ముల వీడ్కోలు పాటలా వినపడింది. టార్టాయిస్ దాని కింద గరగరమనే శబ్దాలు పరిచి ఆ దెబ్బని మళ్లీ పైకి తెచ్చారు. దీన్ని వింతకోసం చేసిన వింత అన్నవాళ్లు ఆ పాట దేని గురించో ఒక్కసారి ఆలోచించి ఉంటే బాగుండేది.

ఇక రెండో ఆల్బమ్. శామ్ బీమ్, బెన్ బ్రిడ్‌వెల్ ఇద్దరూ సౌత్ కరోలినా వాళ్లే, ఎప్పటినుంచో స్నేహితులు. బీమ్ అంటే గుసగుసలాడే గొంతు, బ్రిడ్‌వెల్ అంటే బ్యాండ్ ఆఫ్ హార్సెస్‌లో పైస్థాయికి వెళ్లి మోగే గొంతు. వీళ్లు 12 పాటలు ఎంచుకుని ఒకరు పాడుతుంటే ఇంకొకరు హార్మనీ కలుపుతూ చేశారు. మొదటి పాటే 1983 నాటి టాకింగ్ హెడ్స్ 'దిస్ మస్ట్ బి ద ప్లేస్', ఆల్బమ్ పేరు కూడా అందులోని మాటే. గాయని శాడె పాట ఉంది, జాన్ కేల్, జె. జె. కేల్ ఇద్దరూ ఉన్నారు (చుట్టరికం లేదు, పేరొకటే), స్పిరిచువలైజ్డ్, రానీ లేన్, డేవిడ్ గిల్మర్ పాడిన పాట ఒకటి, స్వీడన్ నుంచి ఎల్ పెర్రో దెల్ మార్. లిస్ట్ చూస్తే ఇదీ తక్కువ వెరైటీ కాదు, నిజానికి మొదటిదానంత వెడల్పే. తేడా ఎక్కడంటే ఇక్కడ పాట ఏ దేశం నుంచి వచ్చినా చివరికి అదే అరుగు మీద కూర్చుంటుంది, అకూస్టిక్ గిటార్, మెత్తటి కంట్రీ వాసన, సాయంత్రం గాలి.

అందుకే దీనికి వచ్చిన రివ్యూలు మర్యాదగా ఉన్నాయి. గొంతులు కలిసిన తీరుని అందరూ మెచ్చుకున్నారు, పాటల ఎంపికలో ప్రేమ కనపడుతోందన్నారు, ఆ తర్వాత మాత్రం పన్నెండూ ఒకే వేగంలో నడుస్తున్నాయి, భద్రంగా ఆడారు అన్నారు. ఈ విమర్శ నాకు సబబే అనిపిస్తుంది. 1992లో శాడె పాడిన 'బుల్లెట్‌ప్రూఫ్ సోల్'లో చల్లగా ఉండే ఒక కోపం ఉంది, వీళ్ల చేతిలో అది ఉత్త బాధ అయిపోయింది. మరోపక్క 'దిస్ మస్ట్ బి ద ప్లేస్' మాత్రం అద్భుతం, టాకింగ్ హెడ్స్ వాళ్లు బుద్ధిపూర్వకంగా చిన్నపిల్లల ఆటలా సింపుల్‌గా కట్టిన ట్యూన్ అది, దాన్ని ఇల్లు చేరిన మనుషుల పాటలా పాడారు, నాకు బాగోలేని రోజుల్లో ఆ ఒక్క పాట ఎన్నిసార్లు పెట్టుకున్నానో లెక్కలేదు.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తట్టింది ఒకటుంది. 'ద బ్రేవ్ అండ్ ద బోల్డ్'ని చాలామంది జడ్జ్ చేసింది పది పాటల మీద కాదు, ఒకటి రెండు పాటల మీద. 'థండర్ రోడ్' అందరి నోటా ఉన్న పాట కాబట్టి దాన్ని అసలుదానితో పోల్చారు. లంగ్‌ఫిష్ పాట 'లవ్ ఈజ్ లవ్' అసలు వెర్షన్ విన్నవాళ్లెంతమంది? అందుకే అది బాగా వచ్చినా దాని మీద మాట్లాడింది తక్కువ. 'సింగ్ ఇంటు మై మౌత్'లో అంత ప్రాణంగా చూసుకునే పాట ఒక్కటే, అది బాగా కుదిరింది, మిగతావి చాలామందికి కొత్తవి కాబట్టి పోల్చి తిట్టే అవకాశమే లేకపోయింది. అంటే మర్యాద రివ్యూలు రావడానికి ఆల్బమ్ గొప్పతనం ఎంత కారణమో పాటల ఎంపిక కూడా అంతే కారణం.

మనకి ఇది అర్థం కాని విషయమేం కాదు. ఒకే త్యాగరాజ కీర్తనని పదిమంది పాడితే పదిసార్లూ వెళ్లి వింటాం, సంగతులు ఎలా వేశాడు, ఎక్కడ ఆగాడు అని చూస్తాం, రికార్డులో ఉన్నట్టే పాడాడని ఎవరికీ మార్కులు వేయం. సినిమా పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్క స్వరం మారినా పాడుచేశారంటాం. రాక్ వినేవాళ్ల దగ్గరా అదే రెండు మనసులు. జానీ క్యాష్ 2000లో ఈ ఓల్డామ్ పాటనే, 'ఐ సీ ఎ డార్క్‌నెస్', తన ముసలి గొంతులోకి తెచ్చుకుని పాడితే (వెనక హార్మనీ ఓల్డామ్‌దే) అందరూ తలకెత్తుకున్నారు. తన పాట ఇంకొకరి చేతిలో మారిపోవడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషే ఆరేళ్ల తర్వాత స్ప్రింగ్‌స్టీన్ పాటని మారిస్తే ఎందుకంత కోపం?

ఇదే ఓల్డామ్ 2013లో గాయని డాన్ మెకార్తీతో కలిసి, అన్నదమ్ముల జోడీ ఎవర్లీ బ్రదర్స్ పాటలతో 'వాట్ ద బ్రదర్స్ సాంగ్' చేశాడు, అది ఒకే తాటి మీద ఉంది, మెత్తగా ఉంది, ఆదరణ కూడా బాగుంది. అదే ఏడాది నోరా జోన్స్, గ్రీన్ డే బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా ఎవర్లీ బ్రదర్స్ 1958 ఆల్బమ్‌ని మొత్తంగా పాడారు, 'ఫరెవర్లీ' అని. రెండూ ఇష్టమే నాకు. కానీ ఒకే మూలం నుంచి తీసుకుంటే సగం పని ముందే అయిపోతుంది, పది చోట్ల నుంచి తెచ్చి ఒకచోట నిలబెట్టడంలో ఉన్న కష్టం అందులో లేదు.

మరి ఏది మేలు అంటే, పని చేసుకుంటూ వెనకాల మోగాలి, ఇంట్లో అందరూ వినాలి, ఈ తరహా సంగీతం కొత్త అంటే 'సింగ్ ఇంటు మై మౌత్'తోనే మొదలుపెట్టండి, అందులోంచి అసలు పాటలు వెతుక్కుంటూ వెళ్తే ఒక ఏడాదికి సరిపడా సంగీతం దొరుకుతుంది. ఆల్బమ్‌గా మాత్రం నా ఓటు 'ద బ్రేవ్ అండ్ ద బోల్డ్'కే. డీవో పాట నాకూ ఎక్కలేదు, కొన్నిచోట్ల బ్యాండ్ శబ్దం గొంతుని మింగేసింది, అది తప్పే. కానీ ఆ ఇద్దరూ కలవకపోతే ఆ పాటలు అలా ఉండేవి కావు, కలిసి చేసే ఆల్బమ్ నుంచి నేను కోరుకునేది అదే. వినేటప్పుడు ఒక్క పని చేయండి, స్ప్రింగ్‌స్టీన్ 'థండర్ రోడ్' విన్న వెంటనే వీళ్లది పెట్టొద్దు, మధ్యలో రెండు రోజులు గ్యాప్ ఇవ్వండి, రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌లో వినండి.