ఈఎస్-175, ఎల్-5 సీఈఎస్: పాత జాజ్ గిటార్లలో ఏది మేలు?

పాత హాలో బాడీ ఎలక్ట్రిక్ గిటార్ల మీద మనసు పడ్డవాళ్ళకు ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. డబ్బు కూడబెట్టుకున్నాం, కొనగలిగేది ఒక్కటే. 1950ల నాటి గిబ్సన్ ఎల్-5 సీఈఎస్ కోసం ఇంకొన్నేళ్ళు ఆగాలా? లేక అదే కాలపు ఈఎస్-175 ఇప్పుడే తీసేసుకోవాలా? కలెక్టర్ల లెక్కలో ఎల్-5 ది పెద్దపీట. ధర కూడా 175 మీద కొన్ని రెట్లు ఉంటుంది. నేను మాత్రం 175 వైపే ఉంటాను. చవకగా వస్తుందని కాదు. ఎలక్ట్రిక్ జాజ్ గిటార్ అనే పనికి అదే మెరుగైన వాయిద్యమని నా నమ్మకం.

రెండూ అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, కలమజూ ఊళ్ళోని గిబ్సన్ పాత ఫ్యాక్టరీలో పుట్టినవే. దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. లోపలంతా డొల్ల, పైన వంపు తిరిగిన పలక, వయొలిన్‌కి ఉన్నట్టే ఎఫ్ ఆకారపు రంధ్రాలు, పై ఫ్రెట్లు (మెట్లు) అందడానికి ఒక పక్క కోసిన భుజం. కొలతల్లో ఎల్-5 కాస్త పెద్దది. దాని బాడీ వెడల్పు 17 అంగుళాలు, 175 ది 16 పైచిలుకు. ఎల్-5 కి నల్ల ఎబొనీ ఫ్రెట్‌బోర్డు, ముత్యపు చిప్ప పలకలు, బంగారు పూత వేసిన లోహ భాగాలు, పొరలు పొరలుగా అంచు పట్టీ. 175 కి రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు, నికెల్ పూత. అందంలో ఎల్-5 దే పైచేయి, అందులో వాదన లేదు.

అసలు తేడా చెక్కలో ఉంది. ఎల్-5 పై పలక గట్టి స్ప్రూస్ చెక్క. దాన్ని లోపలా బయటా చెక్కి వంపు తెప్పిస్తారు. 175 ది మేపుల్ ప్లైవుడ్. పలుచని పొరల్ని జిగురుతో అంటించి, అచ్చులో నొక్కి వంచుతారు. ప్లైవుడ్ అనగానే చాలామంది మొహం చిట్లిస్తారు. మన దగ్గరా అంతే కదా. బొబ్బిలిలో ఒకే పనస దుంగను తొలిచి చేసిన ఏకాండి వీణకున్న గౌరవం అతుకుల వీణకు ఉండదు. నాదం గాలిలోకి నేరుగా వెళ్ళే వాయిద్యానికి ఆ లెక్క సరిపోతుంది. పికప్ (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం) పెట్టి యాంప్లిఫయర్‌కి కలిపే వాయిద్యానికి అదే లెక్క వేస్తే తప్పుదారి పడతాం.

ఎల్-5 పుట్టిన అవసరం వేరు. అది 1922 నాటి గిటార్. అప్పట్లో లాయిడ్ లోర్ అనే డిజైనరు గిబ్సన్‌లో పనిచేసేవాడు. కరెంటు గిటార్లు లేని ఆ రోజుల్లో, బ్యాండులో ట్రంపెట్లు, శాక్సోఫోన్ల మధ్య గిటార్ వినపడాలంటే పై పలక వీలైనంత గట్టిగా కదలాలి. చెక్కిన స్ప్రూస్ పలక ఆ పని కోసం వచ్చింది. 1934 లో ఇంకా పెద్దదైన సూపర్ 400 వచ్చింది. 400 డాలర్ల ధరే దాని పేరు. ఇవన్నీ చేతి బలంతో మోగే వాయిద్యాలు. 1951 లో గిబ్సన్ ఎల్-5 పై పలకకు కంతలు కోసి, రెండు పికప్‌లు బిగించి ఎల్-5 సీఈఎస్ అని అమ్మడం మొదలుపెట్టింది. కదలడం కోసమే అంత శ్రమపడి చెక్కిన పలక మీద బరువు పెట్టి, ఆ కదలికనే తగ్గించారు.

175 కి ఈ ఇబ్బంది లేదు. 1949 లో వచ్చినప్పుడే అది ఎలక్ట్రిక్ గిటార్. దీనికీ 175 డాలర్ల ధరే పేరైంది. మొదట్లో ఒకటే పికప్, నెక్ దగ్గర పి-90 అనే ఒంటి చుట్ట (సింగిల్ కాయిల్) పికప్. రెండు పికప్‌ల మోడల్ 1953 లో వచ్చింది.

వేదిక మీద వాయించేటప్పుడు ఈ తేడా ఎక్కడ తేలుతుందంటే ఫీడ్‌బ్యాక్ దగ్గర. యాంప్లిఫయర్ నుంచి వచ్చే శబ్దం గిటార్ పై పలకను కదిలిస్తుంది. పలక కదిలితే తీగలు కదులుతాయి, తీగల కదలికను పికప్ మళ్ళీ యాంప్లిఫయర్‌కి పంపుతుంది. ఆ చక్రం బలపడితే ఊళ పుడుతుంది. పలుచని స్ప్రూస్ పలక దీనికి సులువుగా లొంగిపోతుంది. బిగుతైన ప్లైవుడ్ అంత తొందరగా లొంగదు. డ్రమ్స్, బేస్‌తో కలిసి చిన్న హాల్లో వాయించినా, వాల్యూమ్ మీద చెయ్యి పెట్టుకుని టెన్షన్ పడాల్సిన అవసరం 175 తో తక్కువ. ఊళ పూర్తిగా పోదు, డొల్ల గిటార్ డొల్ల గిటారే. అది కూడా వద్దనుకునేవాళ్ళ కోసమే 1958 లో మధ్యలో చెక్క దిమ్మ పెట్టిన ఈఎస్-335 వచ్చింది. అది వేరే జాతి గిటార్, దాని స్వరమూ వేరు.

ఇంకో సంగతి, నాకు ఇదే ముఖ్యం. 175 లో స్వరం మీటగానే 'టక్'మని నిలబడి, త్వరగా తగ్గిపోతుంది. ఎల్-5 లో స్వరం విచ్చుకుంటుంది, కింది తీగల మోత నిండుగా చుట్టుకుంటుంది. వినడానికి రెండోదే గొప్పగా తోస్తుంది, ఒంటరిగా వాయించినప్పుడు గొప్పే. కానీ వేగంగా సాగే బీబాప్ అనే జాజ్ శైలి వరసల్లో, పక్కన పియానో కూడా ఉన్నప్పుడు, ఒక్కో స్వరం చివర కత్తిరించినట్టు ఆగడమే కావాలి. మందమైన ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు నున్నగా ఉండే) తీగలు వేసి, టోన్ కొంచెం తగ్గించి వాయిస్తే వచ్చే ఆ పొట్టి, పొడి, వెచ్చని ధ్వనినే మనం జాజ్ గిటార్ ధ్వనిగా గుర్తుపడుతున్నాం. ఆ గుర్తింపులో ప్లైవుడ్ వాటా చాలా పెద్దది.

ఎవరు ఏది వాయించారో చూడండి. ఎల్-5 సీఈఎస్ అంటే వెస్ మాంట్‌గోమరీ. పిక్ లేకుండా బొటనవేలితో మీటేవాడు, తరవాతి రోజుల్లో ఒకటే పికప్ ఉన్న ఎల్-5 ప్రత్యేకంగా చేయించుకున్నాడు. ఆ బొటనవేలి మెత్తదనం, ఆ స్ప్రూస్ నిండుదనం కలిస్తే వచ్చిన నాదానికి సాటి లేదు. ఎల్-5 మీద మోజుకు సగం కారణం ఆయనే, అది న్యాయమే. అయితే ఎల్-5 కొన్నంత మాత్రాన ఆ బొటనవేలు రాదు.

175 వైపు వరస పొడుగ్గా ఉంటుంది. హెర్బ్ ఎల్లిస్, జిమ్ హాల్, జో పాస్, పాట్ మెథినీ. జో పాస్ మత్తుమందుల నుంచి బయటపడుతున్న రోజుల్లో సొంత జాజ్ గిటార్ లేక, ఫెండర్ జాజ్‌మాస్టర్ మీద జాజ్ వాయిస్తుంటే చూసి ఒక అభిమాని 1963 లో 175 కొనిచ్చాడు. తరవాత ఏళ్ళ తరబడి ఆయన చేతిలో అదే. జిమ్ హాల్ తన 175 ని హోవర్డ్ రాబర్ట్స్ అనే ఇంకో గిటారిస్టు దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వీళ్ళలో ఒకరి ధ్వని ఇంకొకరిది కాదు. మెథినీ మెత్తని మబ్బులాంటి ధ్వనికీ, పాస్ ముక్కుసూటి వరసలకీ ఒకే మోడల్ సరిపోయింది. వాయించేవాడి వేళ్ళను ముందుకు రానిచ్చి తను వెనక ఉండే గుణం దానిది.

ఇక్కడ మూడో పేరు ఒకటి తప్పక వస్తుంది, డి'యాంజెలికో. జాన్ డి'యాంజెలికో న్యూయార్క్‌లోని కెన్‌మేర్ వీధిలో చిన్న దుకాణంలో ఒక్కో గిటార్ చేత్తో చేసేవాడు. 1964 లో చనిపోయే నాటికి చేసినవి 1,100 పైచిలుకు. ఆయన ఎక్సెల్, న్యూయార్కర్ గిటార్లకు పలక కోయకుండా, పైన తేలేటట్టు డిఆర్మండ్ పికప్ బిగించడం ఆనవాయితీ. చెక్కిన పలకకు అదే సరైన మర్యాదని నా అభిప్రాయం. నిజంగా కరెంటు గిటార్ కావాలని అడిగినవాళ్ళ కోసం ఆయన కొన్నిసార్లు బయట తయారైన ప్లైవుడ్ బాడీలు తెప్పించి నెక్ బిగించి ఇచ్చేవాడు. చెక్కడంలో అంత పేరున్న మనిషి కూడా ఎలక్ట్రిక్ అనగానే ప్లైవుడ్ వైపు చూశాడు. కలెక్టర్లు ఆ ప్లైవుడ్ గిటార్లను చిన్నచూపు చూస్తారు కాబట్టి అవి మిగతా వాటికంటే తక్కువకు దొరుకుతాయి. ఇప్పుడు షాపుల్లో అదే పేరుతో వచ్చే కొత్త గిటార్లు ఆయన చేతివి కావు, ఆ సంగతి మరిచిపోవద్దు.

చరిత్రే కావాలనుకుంటే 1936 నాటి ఈఎస్-150 ఉంది. బెన్నీ గుడ్‌మన్ బృందంలో 1939 లో చేరి, 25 ఏళ్ళకే క్షయతో 1942 లో పోయిన చార్లీ క్రిస్టియన్ పేరే దాని పికప్‌కి స్థిరపడింది. అలమారలో ఉండాల్సిన గిటార్ అది. భుజం కోత లేదు కాబట్టి పై ఫ్రెట్లు అందవు, రోజూ వాయించుకోవడానికి కష్టం.

175 అని తేల్చుకున్నాక ఏ ఏడాదిది అన్నది ఇంకో తగువు. కలెక్టర్లు ఎగబడేది 1957 నుంచి 1960ల మొదటి దాకా వచ్చిన వాటి కోసం. సెత్ లవర్ గిబ్సన్‌లో తయారుచేసిన హంబకర్ (రొద తగ్గించే రెండు చుట్టల) పికప్ 1957 లో హాలో బాడీల్లోకి వచ్చింది. పేటెంట్ ఇంకా చేతికి రానందున అడుగున 'పేటెంట్ అప్లైడ్ ఫర్' అని చిన్న స్టిక్కర్ ఉండేది. పీఏఎఫ్ అంటే అదే. 1950ల చివరి లెస్ పాల్ గిటార్లకు ఉన్న గిరాకీ వల్ల ఈ పికప్‌లకు విడిగానే పెద్ద ధర పలుకుతుంది. అందుకే కొందరు 175 ల నుంచి వాటిని ఊడదీసి అమ్ముకుని, వేరేవి బిగించారు. మనం గిటార్‌కి ఇచ్చే డబ్బులో చాలా భాగం రెండు పికప్‌లకు పోతుంది, అవి కూడా అసలువో కాదో అనుమానమే.

నేను చెప్పేది 1949 నుంచి 1956 దాకా వచ్చిన పి-90 గిటార్ గురించి, అదీ ఒకటే పికప్ ఉన్నది. హంబకర్‌తో పోలిస్తే పి-90 కి 'జుయ్'మనే రొద ఉంటుంది, పాత ట్యూబ్‌లైట్ల కింద ఇంకా ఎక్కువ. కానీ స్వరానికి అంచు ఉంటుంది, తీగ మీద వేలి బరువు మారితే వెంటనే తెలుస్తుంది. ఒకటే కంత కాబట్టి పలక కూడా ఎక్కువ స్వేచ్ఛగా ఉంటుంది. జిమ్ హాల్ కొన్న 175 ఈ రకమే. ఇంత గుణం ఉన్నా పీఏఎఫ్ లేదన్న ఒక్క కారణంతో ధర తక్కువ పలకడం వాయించేవాళ్ళ అదృష్టం.

1965 తరవాతి వాటి జోలికి వెళ్ళేటప్పుడు మాత్రం చేత్తో పట్టుకుని చూడండి. ఆ ఏడాది గిబ్సన్ నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) వెడల్పును అంగుళం పదకొండు పదహారో వంతుల నుంచి అంగుళం తొమ్మిది పదహారో వంతులకు తగ్గించింది. కొందరికి ఆ సన్నని నెక్ హాయిగానే ఉంటుంది. లావు వేళ్ళవాళ్ళకు తీగలు ఇరుకవుతాయి. ధర కూడా అందుకే తగ్గుతుంది.

కొనేముందు చూడాల్సినవి. ఎఫ్ రంధ్రంలోంచి లేబుల్ చూడండి. 1955 ప్రాంతం దాకా తెల్లది, తరవాత నారింజ రంగుది. 1947 నుంచి 1961 దాకా ఈ తరగతి గిటార్ల నంబరు 'ఏ' అక్షరంతో మొదలవుతుంది. వాల్యూమ్, టోన్ పాట్ల (తిప్పే గుబ్బల కింద ఉండే భాగాల) వెనక ముద్రించిన అంకెల్లో మొదటి మూడూ తయారీదారుని చెబుతాయి, 134 అంటే సెంట్రాలాబ్. తరవాత వచ్చేవి ఏడాదీ వారమూ. అవి లేబుల్ కాలానికి పొంతన కుదరాలి. సోల్డర్ కొత్తగా మెరుస్తుంటే ఎందుకని అడగండి. హెడ్‌స్టాక్ వెనక విరిగి అతికిన గీత కోసం లైటు వేసి వెతకండి. ఒకసారి విరిగిందంటే ఎంత బాగా అతికినా ధర సగానికి దాకా పడిపోతుంది. అది అమ్మేవాడికి నష్టం. వాయించుకోవడానికి కొనేవాడికి, అతుకు గట్టిగా ఉంటే, మంచి అవకాశం.

ఇవన్నీ ఎల్-5 కీ వర్తిస్తాయి, పైగా దానికి సొంత జబ్బులు కొన్ని ఉన్నాయి. ఆ కాలపు సెల్యులాయిడ్ పిక్‌గార్డ్, అంచు పట్టీ కాలక్రమంలో కుళ్ళిపోతాయి. వాటి నుంచి వచ్చే ఆవిరి పక్కనున్న బంగారు పూతను, తీగలను తినేస్తుంది. పెట్టెలో మూసి ఉంచితే ఇంకా త్వరగా. చెక్కిన స్ప్రూస్ పలక పొడిగాలికి పగులుతుంది. చలికాలం నెలల తరబడి హీటర్ నడిచే అమెరికా ఇళ్ళలో ఉండే మనవాళ్ళు గదిలో తేమ 45, 50 శాతం మధ్య ఉండేలా హ్యుమిడిఫయర్ పెట్టుకోవాల్సిందే. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల కథ తిరగబడుతుంది. ఉక్కకు పలక ఉబ్బి తీగల ఎత్తు మారుతుంది, పాత జిగురు అతుకులు వదులవుతాయి. ప్లైవుడ్ ఈ రెండు వాతావరణాలనూ చాలా మేరకు తట్టుకుంటుంది. దూరం నుంచి తెప్పించుకునేవాళ్ళు ఇది చిన్న సంగతి అనుకోకూడదు.

బడ్జెట్ 175 కి కూడా చాలకపోతే 1970ల చివరా, 80ల మొదటా జపాన్‌లో చేసిన ఐబనేజ్‌లు చూడండి. జార్జ్ బెన్సన్, జో పాస్ పేర్లతో వచ్చిన ఆ మోడళ్ళు పనితనంలో దేనికీ తీసిపోవు.

మరి ఎల్-5 సీఈఎస్ ఎవరికి? ఇంట్లో ఒంటరిగానో, ఒక గాయనికి తోడుగానో తక్కువ వాల్యూమ్‌లో వాయించేవాళ్ళకు, నిండు కార్డుల నాదమే ప్రాణంగా ఉన్నవాళ్ళకు. వాళ్ళకు నేను 175 అమ్మజూపను. వాళ్ళు ఆగి ఎల్-5 కొనుక్కోవడమే సరి. బృందంతో వాయించేవాళ్ళు, ఒక్కో స్వరం విడివిడిగా వినపడాలనుకునేవాళ్ళు మాత్రం పీఏఎఫ్ మాట పక్కనపెట్టి, ఒకటే పి-90 ఉన్న 1950ల మొదటి 175 దొరికిన రోజే తీసుకోండి.